ఆమె అనుమతి జతపరచగలరు

ఆసుపత్రి పరిశోధన విభాగంలో ఆయన్ని అందరూ కామాగారనే పిలుస్తారు. అసలు పేరు జీతాల గుమస్తాకు తప్ప ఎవరికీ అక్కర్లేదు. డాక్టర్లు రాసిన ఏ వ్యాసమైనా వైద్య పత్రికకు వెళ్లాలంటే ముందు ఆయన బల్ల దాటాలి. వ్యాసంలో ఏ సంగతి ఎక్కణ్ణుంచి తెచ్చారో ఆ ఆధారాలన్నిటినీ చివర వరుసగా, ఆ పత్రిక అడిగిన పద్ధతిలో పేర్చడం ఆయన పని. ఇంటిపేరు ముందు, పేరులో మొదటి అక్షరం తర్వాత, ఆ అక్షరం పక్కన చుక్క పెట్టకూడదు. ఇదీ ఒక ఉద్యోగమేనా అని ముక్కున వేలేసుకోకండి. ఇది సరిగ్గా లేదని వ్యాసం తిరిగొస్తే, పైఅంతస్తు డాక్టర్లు పడే బాధ చూస్తే మీరే అంటారు, పాపం కామాగారిని కదిలించకండి అని.

ఒక్కో పత్రికది ఒక్కో చాదస్తం. ఒకరికి ఏడాది బ్రాకెట్లో ఉండాలి, ఇంకొకరికి బ్రాకెట్ చూస్తే ఒళ్లు మంట. చాలామంది ఆరుగురి పేర్లు వేసి, ఏడో మనిషి దగ్గర్నుంచి "తదితరులు" అని చేతులు దులిపేసుకుంటారు. ఆ ఏడో మనిషి ఎముకల డాక్టరైతే ఇక చూస్కోండి. మెట్లన్నీ దిగి వచ్చి, "నేను తదితరుణ్ణా? ఆపరేషన్ చేసింది నేనయ్యా!" అని బల్ల గుద్ది మరీ అడిగేవాడు. కామాగారు కళ్లజోడు పైకి తోసుకుని, "పద్ధతి సార్, నాదేముంది," అనేవారు. ఎదురుబల్ల దగ్గర కూర్చుని రోగుల అంకెలన్నీ లెక్కగట్టే ఆవిడ, అందరూ లెక్కలమ్మ అంటారు, తల వంచుకుని నవ్వు ఆపుకునేది. ఆ రోజుల్లో ఆయన కూడా డాక్టరు వెళ్లాక నవ్వేవాడు.

పోయినేడాది భార్య పోయింది. అదే ఆసుపత్రిలో, ఆపరేషన్లయిన రోగుల్ని ఉంచే వార్డులో నర్సు. ఏళ్ల తరబడి మధ్యాహ్నాలు ఇద్దరూ వెనక మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకునేవాళ్లు. ఆవిడకే ఒక ఆపరేషన్ అవసరమైంది. చిన్నదే అన్నారు. తర్వాత జ్వరం పట్టుకుంది, రక్తమంతా పాకింది. తను పనిచేసిన వార్డులోనే, తను రోజూ దుప్పటి మార్చిన మంచం మీదే పడుకుని, ఒక తెల్లవారుజామున వెళ్లిపోయింది.

సెలవు అయిపోగానే ఆయన వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. మనిషి పైకి ఏమీ మారలేదు. ఏడిస్తే ఓదారుద్దామని చూసినవాళ్లంతా చూసి చూసి ఊరుకున్నారు. పన్ను పీకేముందు మత్తు సూది వేస్తే నాలుకతో తడిమి చూసుకుంటాం చూడండి, అలా ఆయనా అప్పుడప్పుడు భార్యను తలుచుకుని చూసుకునేవాడు. ఏమీ తెలిసేది కాదు. మళ్లీ పేర్ల పక్కన చుక్కలు తీసే పనిలో పడేవాడు.

ఇంట్లో మిగిలింది అత్తగారు. ఆవిడకు ఒక్కతే కూతురు. కూతురు పోయాక ఆవిడ తమ్ముడొచ్చి, "అల్లుడింట్లో ఇంకా ఏం పనక్కా, మా ఇంటికి వచ్చెయ్," అని పెట్టె కూడా సర్దాడు. ఆవిడ పెట్టెలో బట్టలన్నీ తీసి మళ్లీ బీరువాలో పెట్టుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

అల్లుడితో ఆవిడకున్న పేచీ ఒక్కటే. పెడితే తింటాడు, పెట్టకపోతే ఊరుకుంటాడు. ఒకసారి కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. మారు మాట్లాడకుండా తిని లేచాడు. ఇంకోసారి కావాలని మంచినీళ్లు పెట్టకుండా చూసింది. పొడి గొంతుతోనే చెయ్యి కడుక్కుని వెళ్లి పడుకున్నాడు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

"నోరు తెరిచి ఒక్కటి అడిగి చావచ్చుగా బాబూ!" అని అరిచి, అంతలోనే నాలిక కరుచుకుంది.

"ఏం కావాలి అత్తయ్యా, అన్నీ ఉన్నాయిగా," అన్నాడు ఆయన.

ఆ రోజు నుంచి ఆవిడ గ్లాసు ముందే నింపి పెడుతోంది.

అలా ఏడాది గడిచిందనుకోండి. ఇక అసలు సంగతికి వస్తాను.

ఆ వార్డు చూసే డాక్టరమ్మ ఒక వ్యాసం పంపింది. ఆపరేషన్ అయ్యాక జ్వరం తిరగబెట్టే రోగుల్ని ముందుగా గుర్తుపట్టడం ఎలా అని. కామాగారు పొద్దున్నే మొదలుపెట్టాడు. చివరి ఆధారాలన్నీ చక్కగా కుదిరాయి. మధ్యలో ఒకచోట మాత్రం ఒక వాక్యం తగిలింది. రాత్రికి పరిస్థితి విషమించబోయే రోగులు ఆ సాయంత్రం నుంచే నీళ్లు అడగడం మానేస్తారని తమ వార్డు సీనియర్ నర్సు ఒకరు చెప్పారని రాసి, బ్రాకెట్లో ఆ నర్సు ఇంటిపేరు, ఒక అక్షరం, పక్కన "స్వయంగా చెప్పిన మాట" అని పెట్టింది డాక్టరమ్మ.

ఇలాంటి వాటికి వేరే పద్ధతి ఉంది. ఎక్కడా అచ్చు కాని మాట, నోటితో చెప్పిన మాట, చివరి జాబితాలోకి ఎక్కదు. ఎక్కడ వాడితే అక్కడే బ్రాకెట్లో కూర్చోవాలి. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో ఉండాలి. అన్నిటికీ మించి, అవును నేనే అన్నాను, వేసుకోండి అని ఆ చెప్పిన మనిషి సంతకం పెట్టి ఇవ్వాలి. లేకపోతే పత్రికవాళ్లు వాక్యం కొట్టేస్తారు. డాక్టర్లకు ఇది ఎప్పుడూ గుర్తుండదు. అందుకే కామాగారు ఒక ముక్క రాసి కంప్యూటర్లో దాచుకున్నాడు, రెండు మీటలు నొక్కితే వచ్చి పడుతుంది: "తేదీ లేదు. చెప్పినవారిని సంప్రదించి ఆమె అనుమతి జతపరచగలరు. లేనిచో వాక్యం తొలగించవలసి ఉంటుంది."

నొక్కాడు. వచ్చి పడింది. అక్షరం పక్కన చుక్క కనిపిస్తే అదీ తీసేశాడు. డాక్టరమ్మకు పంపేసి, తర్వాతి వ్యాసం తెరిచాడు.

ఆ ఇంటిపేరు తనదే. ఆ అక్షరం తన భార్యది.

డాక్టరమ్మ మధ్యాహ్నం కిందికి దిగి వచ్చింది. ఎప్పుడూ ఫోన్లోనే మాట్లాడే మనిషి, చేతిలో కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. లెక్కలమ్మ ఆవిడ ముఖం చూసి, నిండుగా ఉన్న కప్పు అలాగే వదిలేసి, "టీ తెచ్చుకొస్తా," అని బయటికి వెళ్లిపోయింది.

"కామాగారూ, మీకు కోపమొచ్చినట్టుంది," అంది డాక్టరమ్మ. "తప్పు నాదే. ముందు మీ దగ్గరకొచ్చి ఒక మాట అడగాల్సింది."

"కోపమేంటి మేడమ్? దేనికి?"

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. ఎత్తిపొడవడానికి రాసింది కాదని అప్పుడు అర్థమైనట్టుంది. నెమ్మదిగా కాగితం తిప్పి బల్ల మీద పెట్టింది. ఆయన తన వాక్యం చదువుకున్నాడు. చెప్పినవారిని సంప్రదించి. పైన బ్రాకెట్లో పేరు చదివాడు. మళ్లీ కింద చదివాడు.

"ఓ," అన్నాడు.

చెవులు వేడెక్కాయి. వచ్చింది దుఃఖం కాదు, భయం. కట్టుకున్న మనిషి పేరు కళ్ల ముందుకొస్తే, చుక్క తీసి పక్కకు తోశాడు. ఇలాంటివాణ్ణి ఏమనాలి? లోపల ఇంకా ఏమైనా మిగిలిందా, లేక ఉత్త కామాలేనా?

"తీసేద్దాం లెండి," అంది డాక్టరమ్మ. "ఒక్క వాక్యమే. వ్యాసానికి వచ్చే నష్టం లేదు. రేపు సాయంత్రంలోగా పంపమని ఎడిటరు తొందరపెడుతున్నాడు. మీకు ఇబ్బంది ఎందుకు?"

"వద్దు."

ఆ మాట అంత గట్టిగా వస్తుందని ఆయనే అనుకోలేదు.

"పోయినవాళ్ల తరఫున దగ్గరివాళ్లు సంతకం పెట్టొచ్చు మేడమ్. పత్రికవాళ్లు ఒప్పుకుంటారు. నేనే చాలామందికి చెప్పాను. ఇరవై ఏళ్లకు పైగా చేసింది ఆ వార్డులో. తన పేరు ఎక్కడైనా అచ్చయిందా? ఇదొక్కటే. ఇది కూడా కొట్టేస్తే ఇంకేం లేదు. తేదీ చెప్పండి, వేస్తాను."

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నెల వేస్తే చాలదా?"

"చాలదు."

"ఫిబ్రవరి అని వేయండి."

"ఫిబ్రవరిలో ఏ రోజు?"

"అదంత ఖచ్చితంగా..." ఆవిడ మెడలో స్టెతస్కోపు తీసి చేతికి చుట్టుకుంది, మళ్లీ విప్పింది. రోగులకు ఎంత చేదు వార్తయినా ముఖం మీదే చెప్పే మనిషి. ఇక్కడ నీళ్లు నమిలింది. "ఎవరు చూడొచ్చారండీ? ఏదో ఒక తేదీ వేసెయ్యండి."

"మేడమ్, నేను ఏదో ఒక తేదీ వేసే మనిషిని కాదు. మీకు తెలుసు."

"మార్చి పదకొండు," అంది ఆవిడ చివరికి.

ఆయన వేళ్లు వాటంతట అవే టైపు చేసేశాయి. చేశాక ఆగిపోయాయి. మార్చి పదకొండున ఆవిడ డ్యూటీలో లేదు. కిటికీ పక్క మంచం మీద ఉంది. ఆ రాత్రి తెల్లవారేలోపే పోయింది.

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. "సాయంత్రం రౌండ్సుకు వెళ్లాను. మీరు అప్పుడే ఇంటికి బయల్దేరారట. మంచం పక్కన నీళ్ల సీసా నిండుగా ఉంది. 'మేడమ్, ఒక సంగతి చెప్తా, నవ్వకూడదు. ఇన్నేళ్లూ చూశాను. రాత్రికి తిరగబెట్టేవాళ్లు సాయంత్రం నుంచే నీళ్లు అడగడం మానేస్తారు. అడగడం మానేసినవాళ్ల మీద ఓ కన్నేసి ఉంచండి,' అంది. ఎవరి గురించమ్మా అన్నాను. సీసా వైపు చూసింది."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద కాగితం మూల లేస్తోంది, పడుతోంది.

"మీకు ఫోన్ చెయ్యబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది. 'వారం నుంచి ఆ కుర్చీలోనే కునికిపాట్లు పడుతున్నారు, ఇప్పుడే బతిమాలి పంపించాను, ఈ ఒక్క రాత్రీ పడుకోనివ్వండి,' అంది. రాత్రంతా నేను పక్కనే ఉన్నాను కామాగారూ. మందులు మార్చాం, చెయ్యగలిగిందంతా చేశాం. లాభం లేకపోయింది. ఆ తర్వాతే ప్రతి మంచం దగ్గరా, సాయంత్రం నీళ్లు అడిగారా లేదా అని రాసుకోవడం మొదలుపెట్టాను. ఆవిడ చెప్పింది అందరి విషయంలో నిజమో కాదో ఇంకా పదిచోట్ల చూడాలి. కానీ ఈ వ్యాసం పుట్టింది అక్కడే."

ఆయనకు ఆ సాయంత్రం బాగా గుర్తుంది. గుర్తుండటమేంటి, చివరి రోజులన్నిటిలో ఆయన దాచుకున్నది ఆ ఒక్క సాయంత్రాన్నే. అంతకుముందు రెండ్రోజులు నీళ్లు, నీళ్లు అని ప్రాణం తీసింది. పదకొండున సీసా అందిస్తే, "నాకొద్దండీ," అంది. ముఖం ప్రశాంతంగా ఉంది. ఇవాళ నెమ్మదించింది అనుకున్నాడు. "ఇంటికెళ్లి పడుకోండి, అమ్మ ఒక్కతే ఉంది," అంటే లేచి, నుదుటి మీద చెయ్యి వేసి, వచ్చేశాడు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే సంతోషించాడు కూడా.

"నాతో చెప్పలేదు మేడమ్," అన్నాడు. "మీతో చెప్పింది. నాతో చెప్పలేదు."

కోపం వచ్చింది. ఏడాది తర్వాత వచ్చిన మొదటి కోపం, అదీ చచ్చిపోయిన మనిషి మీద. ఎంత పొగరు! పక్కనే కూర్చున్నవాణ్ణి, చేతిలో సీసా పట్టుకున్నవాణ్ణి, పడుకోమని ఇంటికి తోలేసింది.

"ఫిబ్రవరి అని వేద్దాం," అంది డాక్టరమ్మ మళ్లీ. "లేదా తీసేద్దాం. మీ ఇష్టం."

ఆయన తెర వైపే చూస్తూ, "ఇక్కడ నర్సు అని రాశారు. ఆ రోజు తను రోగి. రోగి చెప్పిన మాటైతే పద్ధతి వేరు," అన్నాడు.

"నర్సుగానే చెప్పింది, కామాగారూ."

నర్సు అన్న మాటను ఆయన అలాగే ఉంచేశాడు.

అనుమతి పత్రం నమూనా ఆయన దగ్గరే ఉంది, ఆయన తయారుచేసిందే. అచ్చు తీసి సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. దారిపొడుగునా ఒకటే కొట్టుమిట్టాడాడు. సంతకం పెడితే భార్య పేరు నిలుస్తుంది. కానీ మార్చి పదకొండు కూడా నిలుస్తుంది, అచ్చులో, ఆయన చేత్తోనే వేసిన తేదీ. ఇక ఆ సాయంత్రం మంచి సాయంత్రంగా ఎన్నటికీ ఉండదు. పెట్టకపోతే, డాక్టరమ్మ ఇంకెవరికీ చెప్పదు. రేపు సాయంత్రం దాటితే ఆ వాక్యమే ఉండదు. బస్సు ఆయన దిగాల్సిన చోట ఆగి, మళ్లీ కదిలింది. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాడు.

అత్తగారు పళ్లెం పెట్టింది. ఆయన చెయ్యి పెట్టలేదు. కాగితం తీసి పళ్లెం పక్కన పరిచాడు.

"ఏంటది?"

"మీ అమ్మాయి పేరు అచ్చులో పడుతుంది అత్తయ్యా. డాక్టర్లు చదివే పుస్తకంలో. నేను సంతకం పెడితే."

"మరి పెట్టవేం? దానికి ముహూర్తం కావాలా?" ఆవిడ కళ్లు అప్పుడే మెరిశాయి. "ఏమని పడుతుంది?"

చెప్పాడు. వాక్యం చెప్పాడు, తేదీ చెప్పాడు, ఆ తేదీని నోటితో అనడం అదే మొదటిసారి. సీసా సంగతి చెప్పాడు. చెయ్యి పట్టుకుని ఆపిందట అని కూడా చెప్పాడు. ఆవిడ మంచినీళ్లు తేబోయి, కూజా దగ్గర అలాగే నిలబడి విన్నది. తర్వాత వచ్చి ఉత్త చేతులతో ఎదురుగా కూర్చుంది.

"ఆ రాత్రి నువ్వొచ్చి, ఇవాళ బాగుందత్తయ్యా అన్నావు," అంది. "రెండోసారి అడిగి వడ్డించుకున్నావు. నీ గురక ఇక్కడిదాకా వినిపించింది."

"ఆఁ. బాగా పట్టింది నిద్ర."

"నువ్వు అడిగింది అదే ఆఖరుసారి. ఆ తర్వాత ఈ ఇంట్లో నువ్వు ఏదీ అడగలేదు."

ఆయన తలెత్తాడు. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"అడగడం మానేసినవాళ్ల మీద ఓ కన్నేసి ఉంచమందా? ఆ మాత్రం నాకు తెలీదూ, దాన్ని కన్నదాన్ని! మా తమ్ముడు రమ్మంటే వెళ్లకుండా ఇక్కడ కూర్చుంది ఎందుకనుకున్నావు, ఈ ఇంటి గాలి పడిందనా? రోజూ రాత్రి నీ గది గుమ్మం దాకా వచ్చి, ఊపిరి వినపడ్డాక వెళ్లి పడుకుంటున్నాను. ఏడాదైంది. నా మోకాళ్లు నావి కావు."

ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. కలం తీశాడు. చెప్పినవారితో బంధుత్వం అన్నచోట "భర్త" అని రాశాడు. కింద భార్య పేరు రాయాలి, పేరు ముందు ఇంకొక మాట రాయాలి. కరెంటు బిల్లు మీద ఇంకా ఆవిడ పేరే వస్తోంది, ఆవిడ ఫోనుకు ఇంకా నెలనెలా డబ్బు కడుతున్నాడు, ఆ మాట రాయాల్సి వస్తుందని ఏ ఆఫీసుకూ వెళ్లలేదు. రాశాడు. కీర్తిశేషురాలు. అక్షరాలు ఎక్కడా వంకర పోలేదు. కాగితం మాత్రం ఒకచోట తడిసింది. తన కంట్లోంచేనని కాసేపటికి గాని తెలియలేదు.

సంతకం పెట్టి, కలం మూత పెట్టాడు. నాలుక పిడచగట్టుకుపోయింది. పళ్లెం పక్కన చూశాడు, గ్లాసు లేదు.

"అత్తయ్యా," అన్నాడు. "కాసిని నీళ్లిస్తారా?"

మోకాళ్లు తనవి కావన్న మనిషి కుర్చీ వెనక్కి పడిపోయేంత విసురుగా లేచింది. గ్లాసు నింపి తెచ్చేసరికి సగం నేల మీదే ఒలికింది. ఆయన గడగడా తాగేశాడు. ఆవిడ కదల్లేదు, కూజా కూడా పట్టుకొచ్చి పక్కనే నిలబడింది.

"చాలా?"

"ఇంకొంచెం," అన్నాడు ఆయన.